సీ వ్యూ సరే, స్లాబు అడుగున చూశారా?

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగం అయిపోయాక హైదరాబాదు ట్రాఫిక్‌ను వదిలేసి విశాఖలోనో, భీమిలిలోనో, కాకినాడలోనో స్థిరపడదామనుకునేవాళ్లు మన నగరంలో తక్కువేమీ కాదు. కొందరి చూపు ఇంకా దూరం, మంగళూరు, గోవాల దాకా పోతోంది. పత్రికల ఆస్తుల పేజీల్లో వచ్చే ప్రకటనల్లో ఒక బాల్కనీ, అందులో ఒక కుర్చీ, ఎదురుగా సముద్రం ఉంటాయి. ఆ బాల్కనీ స్లాబు అడుగుభాగం మాత్రం ఏ ఫొటోలోనూ కనబడదు. కొనేవాళ్లు తలెత్తి మొదట చూడవలసింది దాన్నే.

ఇల్లు చూడటంలో మనకున్న తెలివంతా దక్కను పీఠభూమి నేర్పినది. గట్టి రాయి, పొడిగాలి, నీటి కరువు మధ్య పెరిగిన అలవాట్లు మనవి. తీరానికి వెళితే వాటిలో సగం పనికిరావు. కొన్నయితే ఎదురు తిరుగుతాయి.

బోరు సంగతే చూడండి. ఇక్కడ నీళ్లు పడకపోతే ఇంకో వంద అడుగులు దించమంటాం. వెయ్యి అడుగుల బోరు మనకు వింత కాదు. తీరం దగ్గరి ఇసుక నేలల్లో మాత్రం మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, ఉప్పునీరు బరువెక్కువ కాబట్టి. భూగర్భంలో మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక మీటరు ఎత్తులో ఉంటే, సముద్రమట్టానికి దిగువన దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుందని లెక్క. మోటారు పెట్టి ఆపకుండా తోడి ఆ మట్టాన్ని ఒక్క మీటరు దించితే, అడుగున ఉన్న ఉప్పునీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి జరుగుతుంది. కాబట్టి అక్కడ నీళ్లు ఉప్పదేరితే లోతు పెంచడం రోగాన్ని పెంచుకోవడమే. డెల్టా ఊళ్లలో తక్కువ లోతున ఫిల్టర్ పాయింట్లు (జల్లెడ గొట్టం దించిన చిన్న బోర్లు) వేసుకోవడం వెనక ఈ లెక్కే ఉంది. విశాఖలో అడుగున కొండరాయి కాబట్టి పరిస్థితి కొంత వేరు. అయినా తీరానికి మరీ దగ్గరైతే రాతి పగుళ్లలోంచి ఉప్పు రావచ్చు.

నీటి పరీక్ష మే నెలలో చేయించాలి. వానలు పడ్డాక తీసిన నీటిలో ఉప్పు పలుచబడి, చెడ్డ బోరు కూడా పరీక్ష దాటేస్తుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ముంచి చూసి ఊరుకోకుండా ల్యాబులో క్లోరైడ్ కూడా అడగండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మి.గ్రా., క్లోరైడ్ 250 మి.గ్రా. లోపు ఉంటే మంచిది. వేరే నీటి వసతి లేనప్పుడు 2000, 1000 దాకా ఒప్పుకుంటారు. ఇల్లు కట్టుకునేవాళ్లు మాత్రం ఇంకో గీత గుర్తుంచుకోవాలి. చువ్వలు ఉండే కాంక్రీటులో కలిపే నీటికి కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 పెట్టిన క్లోరైడ్ హద్దు లీటరుకు 500 మి.గ్రా. అంటే గతిలేక తాగే నీరు కూడా స్లాబు వేయడానికి పనికిరాకపోవచ్చు. క్యూరింగుకు, అంటే పోసిన కాంక్రీటును తడిపి ఉంచడానికి, కొట్టే నీటికీ ఇదే జాగ్రత్త కావాలి. కాంక్రీటుకు మంచినీటి ట్యాంకరు తెప్పించి, క్యూరింగుకు పక్కనున్న ఉప్పు బోరు ఆన్ చేసే మేస్త్రీలు ఉంటారు.

ఇక స్లాబు. కాంక్రీటులో సహజంగా క్షారం ఉంటుంది. దానివల్ల లోపలి చువ్వ మీద కంటికి కనబడని రక్షణ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. సముద్రపు తుంపరలోని క్లోరైడ్ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి ఆ పొరకు తూట్లు పొడుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు లోపలినుంచే పగులుతుంది. మొదట చువ్వ వెంబడి సన్నని నెర్రె, తర్వాత గోధుమరంగు మరక, ఆ తర్వాత పెచ్చులు. బాల్కనీ అడుగు, సన్‌షేడ్ కొసలు, బాత్రూం స్లాబు, నీళ్ల ట్యాంకు కింది దూలాలు, పార్కింగులో స్తంభాల పాదాలు ముందు దెబ్బతినే చోట్లు.

పాత ఫ్లాటు కొనేటప్పుడు లోపలి గదులు చూసి మోసపోవద్దు. అమ్మకానికి ముందు వాటికి ఎలాగూ రంగు వేయిస్తారు. ఎవరూ రంగు వేయించని చోట్లకు వెళ్లండి: లిఫ్టు మోటారు గది, మెట్ల పైకప్పు, పార్కింగు సీలింగు మూలలు. చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే మేలు. డొల్లగా పలికితే కాంక్రీటు లోపల పొరగా విడిపోయింది. ఫినాఫ్తలీన్ పరీక్ష చేశాం, గులాబీ రంగు వచ్చింది, బిల్డింగు భేషుగ్గా ఉంది అని ఎవరైనా చెబితే అంతటితో ఆగకండి. ఆ పరీక్ష క్షారం మిగిలి ఉందో లేదో చెబుతుంది, ఉప్పు చేరిందో లేదో చెప్పదు. తీరంలో గులాబీ రంగు వచ్చిన కాంక్రీటులోనూ చువ్వలు తుప్పు పడతాయి. హాఫ్‌సెల్ పరీక్ష (చువ్వ మీది విద్యుత్ పొటెన్షియల్‌ను కొలిచేది), కాంక్రీటు పొడిలో క్లోరైడ్ పరీక్ష అడగండి. హాఫ్‌సెల్‌లో కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టులను దాటి ఇంకా కిందికి పోతే, అక్కడ తుప్పు నడుస్తుండే అవకాశం 90 శాతానికి పైనే.

పెచ్చులు ఊడిన చోట సిమెంటు మెత్తి రంగేయడం రిపేరు కాదు. ఉప్పు లోపలే ఉండిపోతుంది, పైగా కొత్త ముక్క పక్కనున్న పాత భాగంలో తుప్పు మరింత వేగంగా సాగుతుంది. ఆరు నెలల్లోనో ఏడాదిలోనో జానెడు అవతల మళ్లీ పెచ్చు లేస్తే కారణం ఇదే. చువ్వ వెనక 20 నుంచి 25 మి.మీ. దాకా చెక్కి, తుప్పు మొత్తం వదిలించి, జింకు ప్రైమరు పూసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి. చువ్వ లావు బాగా తరిగితే పక్కన కొత్త చువ్వ కట్టాలి. ఈ ఖర్చు చదరపు అడుగు లెక్కన ఎస్టిమేటు వేయించుకుని, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి.

కొత్తగా కట్టేవాళ్లు డ్రాయింగులో రెండు అంకెలు వెతకాలి: కాంక్రీటు గ్రేడు (బలాన్ని చెప్పే ఎం అంకె), కవరు (చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు మందం). మన దగ్గర పొడి వాతావరణంలో ఇంటి లోపలి స్లాబులకు ఎం20, 20 మి.మీ. కవరు చెల్లుతాయి. తీరగాలికి నేరుగా గురయ్యే భాగాలకు ఐఎస్ 456 అడిగేది కనీసం ఎం30, 45 మి.మీ. కవరు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 లోపు. సముద్రపు తుంపర నేరుగా పడే చోట ఎం35, 50 మి.మీ. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఈ సంగతి విని కొందరు అదే అయిదంగుళాల స్లాబులో కవరు బ్లాకులు మాత్రం మార్చేస్తారు. 125 మి.మీ. స్లాబులో కవరు 20 నుంచి 45కు పెంచితే చువ్వ పనిచేసే లోతు సుమారు 100 నుంచి 75 మి.మీ.కు పడిపోతుంది, బలం నాలుగో వంతు తగ్గుతుంది. కాబట్టి స్లాబు మందం పెంచి, చువ్వల లెక్క కూడా ఇంజనీరుతో మళ్లీ వేయించాలి. కవరుకు టైలు ముక్కలు, కంకర రాళ్లు పెట్టనివ్వవద్దు. బైండింగు వైరు కొసలు లోపలికి వంచాలి. బయటికి పొడుచుకొచ్చిన కొస ఉప్పుకు తలుపు తీసినట్టే. నెలల తరబడి ఆరుబయట పడి ఉన్న చువ్వలను మంచినీటితో కడగకుండా కాంక్రీటు పోయవద్దు. స్లాగ్ సిమెంటు (ఇనుప కొలిమి చిట్టెం కలిపినది) వాడితే క్లోరైడ్ చొరబడటం తగ్గుతుంది, కాకపోతే క్యూరింగు 14 రోజులు తప్పనిసరిగా చేయాలి.

బిల్డరు దగ్గర కొంటే రెరా చట్టం ప్రకారం నిర్మాణ లోపాలకు ఇల్లు అప్పగించిన రోజు నుంచి అయిదేళ్లు బాధ్యత ఆయనదే. ఉప్పు తెచ్చే తుప్పు చాలాసార్లు ఆ అయిదేళ్లూ దాటాకే బయటపడుతుంది. అందుకే గ్రేడు, కవరు ఉన్న స్ట్రక్చరల్ డ్రాయింగులు, క్యూబు టెస్టు (కాంక్రీటు దిమ్మ బలం చూసే పరీక్ష) రిపోర్టులు రిజిస్ట్రేషనుకు ముందే చేతిలో ఉండాలి.

స్థలం ఎంపికకు వద్దాం. తీరం నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే గాలిలో ఉప్పు ఎక్కువ, లోపలికి వెళ్లేకొద్దీ వేగంగా తగ్గుతుంది. సముద్రం పదినిమిషాల నడక దూరంలో, మధ్యలో ఒక గుట్టో రెండు వరసల ఇళ్లో ఉంటే ఇల్లు ఎక్కువ కాలం మన్నుతుంది. చూడ్డానికి మాత్రం గొప్పగా ఉండదు, రేటూ తక్కువే!

విశాఖలో కొనేవాళ్లు ‘గెడ్డ’ అనే మాట నేర్చుకోవాలి. కొండ మీది వాన నీరు సముద్రానికి చేరే వాగు అది. ఎండాకాలంలో ప్లాటులా కనిపిస్తుంది, రోడ్డు వేస్తే వీధిలా కనిపిస్తుంది. గ్రామ పటంలో స్థలం మీదుగా వాగు గీత ఉందేమో చూసి, పక్కింటివాళ్లను 2014 హుద్‌హుద్ తుపాను అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. కాకినాడ, భీమవరం, కోనసీమ వైపు సమస్య వేరు. అక్కడి నేల చదును, డ్రెయిన్లు సముద్రంలో కలిసేచోట పోటు సమయంలో నీరు బయటికి పోదు. పున్నమి, అమావాస్యల పోటుకు భారీ వాన తోడైతే ఎంత మంచి డ్రెయినయినా గంటల తరబడి నిలబడిపోతుంది. ఇంటి పునాది మట్టం రోడ్డు మధ్యభాగం కన్నా కనీసం 60 సెం.మీ. ఎత్తు ఉండాలి. పాత వరద గుర్తు అంతకన్నా పైన ఉంటే దాన్నే కొలతగా తీసుకోవాలి. రోడ్డు మీద రోడ్డు వేసి మట్టం పెంచడం అక్కడా ఉంది కాబట్టి ఇంకో అడుగు కలుపుకోండి.

ఉప్పెన గురించి ఒక మాట. బంగాళాఖాతం నుంచి పడమటికి వచ్చే తుపాను తీరం దాటే చోటుకు ఉత్తరాన గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది కాబట్టి నీటి గోడ అటువైపే ఎక్కువ. తీరానికి దగ్గర్లో సముద్రం లోతు తక్కువగా ఉన్న మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల్లో అది మరింత లేస్తుంది. 1864లో బందరునూ, 1977 నవంబరు 19న దివిసీమనూ ముంచింది అదే. కాకినాడ దగ్గరి ఉప్పాడలో రోజూ జరిగేది ఇంకో రకం, సముద్రం ఒడ్డును కొద్దికొద్దిగా కోసుకుపోవడం. అక్కడ తీరానికి ఇప్పుడున్న దూరం కాదు, పదేళ్ల కిందట ఎంత దూరం ఉండేదన్నది అడగాలి. పాత ఉపగ్రహ చిత్రాలు ఫోనులోనే చూడొచ్చు.

కాగితాల విషయంలో మనకు తెలిసిన ఈసీ, లింకు డాక్యుమెంట్లు, 22ఏ నిషేధిత జాబితాలకు తోడు తీరంలో సీఆర్‌జడ్ (తీర నియంత్రణ మండలం) ఉంది. 2019 నోటిఫికేషను ప్రకారం, పున్నమి అమావాస్యల పోటు చేరే గరిష్ఠ గీత నుంచి 500 మీటర్ల దాకా ఈ నిబంధనలు ఉంటాయి. గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి 50 లేదా 200 మీటర్ల మేర కొత్త కట్టడాలకు అనుమతి ఉండదు. పోటు నీరు వచ్చే నదులు, ఉప్పుటేర్ల గట్లకూ నిబంధనలు ఉన్నాయి. సర్వే నంబరు కోస్టల్ జోన్ మ్యాపులో ఏ విభాగంలో ఉందో రాతపూర్వకంగా తీసుకోండి. లేఅవుట్ బ్రోషరులో ‘బీచ్ ఫ్రంట్’ అని ఉంటే అది సంతోషించే మాట కాదు, ప్రశ్నించే మాట.

గాలి లెక్క కూడా మారుతుంది. డిజైనుకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. తేడా చిన్నదిగా అనిపిస్తుంది కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు 29 శాతం ఎక్కువ. ఇక్కడ మేడ మీద వేసిన రేకుల షెడ్డు కొలతలే అక్కడికి పట్టుకుపోతే అది పక్కవీధిలో దొరుకుతుంది. సోలారు ప్యానెళ్ల స్టాండు హాట్ డిప్ గాల్వనైజింగు (కరిగిన జింకులో ముంచి పూత) చేసినదై ఉండాలి, స్లాబుకు బిగించాలి. హెచ్చరిక రాగానే ప్లాస్టిక్ ట్యాంకు నింపేయండి. వెయ్యి లీటర్లు నిండితే టన్ను బరువు, ఖాళీదైతే బంతి. తీరం దాటేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను కన్ను మీ మీద ఉందని అర్థం, కాసేపటికి ఎదురు దిక్కునుంచి మళ్లీ మొదలవుతుంది. చాలామంది ఆ విరామంలోనే బయటికి వస్తారు. పోర్టు హెచ్చరికల్లో 5, 6, 7 నంబర్లు ప్రమాదానికి, 8, 9, 10 మహా ప్రమాదానికి గుర్తు. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

అక్టోబరు, నవంబరు గాలివాన ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి అడ్డంగా కొడుతుంది. వాస్తు పేరిట మనం పెద్ద కిటికీలు పెట్టేదీ అటే. వాస్తుతో గొడవ పడనక్కర్లేదు. స్లైడింగు కిటికీ అడుగు ట్రాకులో బయటికి నీళ్లు పోయే చిల్లులున్నాయా, అవి తెరిచి ఉన్నాయా, ఫ్రేముకూ గోడకూ మధ్య సీలెంటు ఉందా అన్నవి చూసుకుంటే చాలు. గంటకు 100 మి.మీ. వానకు 4 అంగుళాల పైపు ఒకటి దాదాపు 460 చదరపు అడుగుల మేడ నీటిని మోయగలదు. 1200 చదరపు అడుగుల మేడకు మూడు పైపులు కావాలి. ఇక్కడ రెండిటితో సర్దుకుంటాం. బాల్కనీ రెయిలింగుకు 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు చాలదు, మాలిబ్డినం కలిసిన 316 కావాలి. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ తేడా తెలియదు, బిల్లులో గ్రేడు రాయించుకోండి.

సామాను విషయానికొస్తే, ఎయిర్ కూలరు ఇక్కడే అమ్మేసి వెళ్లండి. హైదరాబాదు ఎండలో 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్నప్పుడు నీటి ఆవిరితో గాలిని 24–25 డిగ్రీల దాకా చల్లార్చే వీలుంది. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున ఎంత గొప్ప కూలరైనా 30 కిందికి దించలేదు, గదిలో ఉక్కపోత మాత్రం పెంచుతుంది. ఏసీ తప్పదు. అవుట్‌డోర్ యూనిట్ సముద్రానికి ఎదురుగా కాకుండా గోడ చాటున పెట్టించి, నెలకోసారి కరెంటు ఆపి మంచినీటితో ఫిన్లు కడిగించాలి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వార్డ్‌రోబులు లారీ ఎక్కించే ఖర్చు దండగ, రెండో వర్షాకాలానికి అంచులు ఉబ్బుతాయి. కొత్తవి చేయిస్తే ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ వాడి, బయటి గోడకు నాలుగంగుళాల ఎడం ఉంచండి. పట్టుచీరలు, కెమెరా లెన్సులు, దస్తావేజులు గాలి చొరని డబ్బాల్లో సిలికా జెల్‌తో ఉండాలి. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే తేమ మీటరు ఒకటి గోడకు తగిలించి, 60 శాతం దాటకుండా చూసుకోండి. ఆ పైన బూజు, దుమ్ము పురుగులు బాగా పెరుగుతాయి.

కారు పక్క రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంటే అక్కడ రీ–రిజిస్ట్రేషను చేయించాలి. ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని వెళ్లండి, మిగిలిన లైఫ్ ట్యాక్సు వాపసుకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. బీమాలో ఇంజను ప్రొటెక్షను విడిగా కొనకపోతే, నీళ్లలో స్టార్టు చేసి పాడైన ఇంజనుకు క్లెయిము రాదు. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద రెండూ ఉంటాయి. తుప్పు మాత్రం దేనిలోనూ ఉండదు.

సంక్రాంతి సెలవుల్లో వెళ్లి ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేవాళ్లే ఎక్కువ. జనవరిలో ఆ తీరం అందంగా ఉంటుంది, ఏ లోపమూ బయటపడదు. ముందు అద్దెకు దిగండి, మే నెల ఉక్కపోత, అక్టోబరు, నవంబరు వాయుగుండాలు రెండూ ఆ ఏడాదిలో ఉండేలా. నెల్లూరు వైపయితే ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు తర్వాతే పడుతుంది. మంగళూరు, గోవాలకు వెళ్లేవాళ్లు జులై మొత్తం అక్కడ గడపాలి. హైదరాబాదులో ఏడాదికి రమారమి 800 మి.మీ. వాన పడితే మంగళూరులో 3500 దాటుతుంది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. బట్టలు ఎక్కడ ఆరేస్తారన్నది కూడా అక్కడ ఫ్లాటు ప్లానులో చూడవలసిన విషయం.

చివరగా మీకో విన్నపం. తీరప్రాంత వెంచర్ల ప్రకటనలు వేసేటప్పుడు పోటు గీత నుంచి దూరం, సీఆర్‌జడ్ విభాగం, స్థలం సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తు, కాంక్రీటు గ్రేడు అనే నాలుగు వివరాలు ఇవ్వాలని ప్రకటనకర్తలను అడగండి. కుర్చీ ఫొటో కొంచెం చిన్నదైతే వాటికి చోటు దొరుకుతుంది.

– ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజనీరు, మల్కాజిగిరి, హైదరాబాదు